నెల పేరు చెప్పేవాళ్ళం

అలా మీసాలు మెలేసుకుని చూస్తే నాకేం భయం? బతికున్నన్నాళ్ళూ నీకు మీసమే లేదు. రాయి చెక్కినవాడికి వందసార్లు చెప్పాను, నున్నటి మొహమయ్యా మా ఆయనది, ఒళ్ళో డోలక్ ఉండాలి అని. వాడి దగ్గర ముందే చెక్కి పెట్టినవి ఉంటాయట. గుర్రం మీద కూర్చున్న రాజపుత్రుడొకడు, మీసాలాయనొకడు. గుర్రం మనకెందుకులే అని మీసాలాయన్ని తెచ్చుకున్నాను.

ఉండు, నీ రాయి నిలబెట్టిన ఈ ఊటనీళ్ళలో కాళ్ళు పెట్టుకోనీ. మోకాళ్ళు భగ్గుమంటున్నాయి. రెండు రోజులు తిరిగాను, ఆరూళ్ళు. డోలక్ నేనే మోశాను. అంత బరువని ఒక్కరోజూ చెప్పలేదేం నువ్వు?

తడిగుడ్డతో గొంతు కోసిందయ్యా నన్ను.

ఎవరంటావేం, ఇంకెవరు? స్వర్ణా బీబీ. పెద్దింటి స్వర్ణా బీబీ. నువ్వు నమ్మవు. నేనూ నమ్మలేదు. దారిలో నిలబడి చెవులారా వింటూ కూడా నమ్మలేదు.

వేరే ఎవరైనా చేసుంటే తిట్టుకుని ఊరుకునేదాన్ని. పై వీధి వాళ్ళు చేస్తే, సరే, వాళ్ళ బుద్ధి అంతే అనుకుంటాం. కానీ ఈమె? ఇద్దరం ఒకే చలికాలంలో ఈ కాంగ్రా లోయకి కోడళ్ళుగా వచ్చాం. ఆమె పల్లకీలో, నేను నీ వెనక నడుచుకుంటూ. ఆమె పుట్టిల్లూ మండీ వైపే, నాదీ మండీ వైపే. ఆమె నోరు తెరిస్తే అత్తగారు వెక్కిరించేది, ఇదేం మాట, కొండ మీద మేక అరిచినట్టుందని. పాపం పిల్ల మూడు నెలలు నోరు కుట్టేసుకుని కూర్చుంది. ఒకరోజు నేను చేటలు ఇవ్వడానికి పశువుల పాక వైపు వెళ్ళి, ఊరికే, మా వైపు మాటలో, ఏం బీబీ తిన్నావా అన్నాను. అంతే. గోడకి అవతల కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. నేను గోడకి ఇవతల.

నలభై మూడేళ్ళు ఆ గోడ దగ్గరే మాట్లాడుకున్నాం. ఆమె అటు, నేను ఇటు. గోడ దాటింది లేదు. మాట మాత్రం దాటేది. ఆమెకి బిడ్డ పోయినప్పుడు ఆ గోడ దగ్గరికే వచ్చింది, వాళ్ళాయన దగ్గరికి కాదు. అలాంటి మనిషి.

చెప్తాను, వరసగా చెప్తాను. నీకు సగం తెలుసు. తెలిసినా విను, ఇక్కడ కూర్చుని నువ్వు ఊడబొడిచేదేం ఉంది గనక.

వాళ్ళ చిన్న కోడలు రుచిక, పాలంపూర్ కాలేజీలో పాఠాలు చెప్తుందే, ఆ పిల్ల మొన్న శ్రావణంలో మనింటికొచ్చింది గుర్తుందా? మన పహాడీ మాట చచ్చిపోతోంది, ఆ నెల పాట ఫోన్లో పట్టి దాచిపెడతానంది. నువ్వు వెదురు చీలుస్తూ తలెత్తకుండానే అన్నావు, మీ ఇంట్లో పిల్లలు పహాడీలో మంచినీళ్ళు అడిగితే మీ అత్తగారు హిందీలో అడగమని కసురుతుందట కదమ్మా, ముందు అక్కడ బతికించి రా అని. పిల్ల మొహం ఎర్రగా అయిపోయింది. నేను అటు తిరిగి నవ్వుకున్నాను.

అయినా వదల్లేదు పిల్ల. మంచిదే. దాన్నేం అనను. నిజంగానే ప్రేమ ఉన్న పిల్ల, చదువుకున్నవాళ్ళకి ఉండే ప్రేమ.

నువ్వు కుదరదన్నావు. శ్రావణంలో పాడే పాట కాదన్నావు. అవును మరి, ఏడాదిలో మొదటి నెలకి సొంతమైన పాట. ఆ నెల పేరు మన నోట వినేదాకా ఈ ఏడూళ్ళలో ఒక్కరు పలికేవారా? గోడ మీద క్యాలెండర్ ఉన్నా దాని వంక చూసేవాళ్ళు కాదు. పోస్టుమాస్టరు కూడా 'వచ్చే నెల' అనేవాడే కానీ పేరెత్తేవాడు కాదు. నెల మారిన పొద్దున మనం వాకిట్లో కూర్చుని, నువ్వు డోలక్ మీద చెయ్యి వేసి ఆ పేరు పాడితేనే వాళ్ళకి కొత్త సంవత్సరం. మన నీడ పడితే నీళ్ళు చల్లుకునే ఇళ్ళు కూడా ఆ ఒక్క పొద్దున మన నోటి కోసం కాచుకుని కూర్చునేవి. మిగిలిన రోజులన్నీ మనం బుట్టలల్లేవాళ్ళం. ఆ పొద్దున మాత్రం నెల పేరు చెప్పేవాళ్ళం.

పైగా నువ్వు ఒకే రకంగా పాడేవాడివా? కింద ఊళ్ళలో ఒక మాట, మధ్య ఊళ్ళలో ఇంకో మాట, పైన గొర్రెలు కాసే గద్దీలకి గద్దీ మాట. గుమ్మం మారితే పాటలో మాట మారేది. అంత అవస్థ ఎందుకయ్యా, ఎలా చెప్పినా అర్థమవుతుంది కదా అన్నాను ఒకసారి. 'వాళ్ళ మాటలో పిలవకపోతే నెల వాకిట్లోనే నిలబడిపోతుందే, ఇంట్లోకి రాదు' అన్నావు. ఎంత ధీమాగా అన్నావో, నెల మీ మేనమామ కొడుకైనట్టు.

మరి అంత పట్టుదల ఉన్నవాడివి శ్రావణంలో ఎందుకు పాడావు?

నా మూలాన. అవును, నా మూలానే. తల ఊపకు, రాయివి.

రాత్రీ పగలూ నీ దగ్గు వినీ వినీ నాకు తెలిసిపోయింది. వెదురు నూగంతా నీ ఛాతీలోనే చేరిందన్నాడు డాక్టరు. నువ్వు పోతే నాకేం మిగులుతుంది? కత్తి, డోలక్, అల్లడం మధ్యలో ఆపేసిన రెండు చేటలు. నాకు నీ గొంతు కావాలి. పాట కాదు, భాష కాదు, వాళ్ళ చదువులూ కాదు. నీ గొంతు కావాలి. అందుకే నీ వెనకపడ్డాను. రెండు పూటలు అన్నం మానేశాను కూడా. మానేసినట్టు నటించాను అనుకో, పొయ్యి వెనక మొక్కజొన్న రొట్టె తిన్నాను, కానీ నువ్వు నమ్మావు.

నువ్వు ఒక్క షరతు పెట్టావు. ఎవరి ఫోన్లో ఉన్నా సరే, నెల మారిన రోజు నేనో నా రత్తోనో వచ్చి నోటితో చెప్పేదాకా అది మోగకూడదు. రుచిక సరేనంది. చదువుకున్నవాళ్ళ సరే మనకి ఆనదు కదా. అప్పుడు స్వర్ణా బీబీ తనే అంది, నేను ప్రమాణం చేస్తానే రత్తో, మన పుట్టింటి వైపు చేసినట్టు చేస్తానని.

లోటా నిండా నీళ్ళు తెచ్చింది. గోడ మీద పెట్టింది. గుప్పెట్లోంచి ఉప్పు అందులో వేసింది. మండీ మాటలోనే అంది. 'ఈ మాట తప్పితే ఈ నీళ్ళలో ఉప్పులాగా కరిగిపోతాను.' మా ఊళ్ళో ఆ ఉప్పు నీళ్ళ ముందు అబద్ధమాడే మొగాణ్ణి కూడా నేను చూడలేదు. ఆ తర్వాత ఆ లోటాని బూడిద పెట్టి మూడుసార్లు తోమించింది, నా చెయ్యి తగిలిందేమోనని. చూశాను. చూసి కూడా ఏమనుకోలేదు. గోడ అంటే గోడే, స్నేహమంటే స్నేహమే అనుకున్నాను. ఎంత పిచ్చిదాన్నో చూడు.

పాడావు. పైన పలకల కప్పు మీద వాన. దగ్గు వచ్చి మూడుసార్లు ఆగావు. మొదటి వరస నువ్వు, రెండో వరస నేను, ఎప్పటిలాగే. పెద్దింటి వాకిట్లో ఎలా పాడేవాళ్ళమో అలాగే. పదకొండో రోజు పోయావు.

వేళ కాని వేళ ఆ పేరెత్తాడు, అందుకే పోయాడన్నారు ఊళ్ళో. ఛాతీ పాడైపోయిందన్నాడు డాక్టరు. నేను ఎవరి మాట నమ్మానో నీకు చెప్పను.

సరే, ఇక మొన్నటి సంగతి.

ప్రతి ఏడూ ముందు నాకే చెప్పేవాడివి కదా. ఎవరింటికీ వెళ్ళకముందు, పొయ్యి దగ్గర, తలపాగా చుట్టుకోకముందే. నీకెవరు చెప్పేవారో నేనెప్పుడూ అడగలేదు. మొన్న పొద్దున లేచి పొయ్యి రాజేశాను. రెండు గ్లాసుల్లో టీ పోశాను, అలవాటు చొప్పున. ఎవరూ ఏమీ చెప్పలేదు. నెల మారింది, నాకు మాత్రం మారలేదు. సరే, నోరు తెరిస్తే అదే వస్తుందిలే అనుకుని డోలక్ తగిలించుకున్నాను. మొదటి గుమ్మం ఎవరిది? ఏ ఏడైనా పెద్దిల్లే కదా.

దారంతా పీచు చెట్లు పూసి ఉన్నాయి. నీళ్ళ పైపు మలుపు దగ్గర, ఆలూబుఖారా చెట్టు ఉందే, అక్కడికి వచ్చేసరికి డోలక్ వినబడింది. నా భుజాన ఉన్న డోలక్ కాదు. నా చెయ్యి నా డోలక్ మీదే ఉంది, అది మోగట్లేదు.

తర్వాత నీ గొంతు.

అక్కడే నిలబడిపోయాను. దగ్గు వచ్చిన చోటు కూడా ఉంది. వాన కూడా ఉంది. ఎండ ఇలా కాస్తుంటే వాన చప్పుడేమిటా అనుకున్నాను ముందు. తర్వాత నువ్వు ఆ పేరు పలికావు.

వాకిట్లోకి వెళ్ళేసరికి అందరూ చాపలేసుకుని కూర్చున్నారు, పిల్లాజెల్లా. మధ్యలో ఇత్తడి గిన్నె. గిన్నెలో ఫోను. చప్పుడు పెద్దగా రావాలని అలా పెట్టారట. మెట్టు మీద చేట నిండా బియ్యం, పైన బెల్లం ముక్క. ముందే నింపి పెట్టేశారు. నీకు తెలుసు కదా దాని అర్థం? పాట తర్వాత నింపితే అది మన హక్కు. పాటకి ముందే నింపితే బిచ్చం. నలభై మూడేళ్ళలో ఏ ఇంటా పాటకి ముందు చేట నింపలేదు. ఆ చేట నువ్వు అల్లిందే. అంచుకి ఎర్ర ఈనె వేస్తావు చూడు, అదే.

ఏమందో తెలుసా? 'ఎందుకే రత్తో ఆ మోకాళ్ళతో ఇంత ఎత్తెక్కావు? నువ్వొక్కదానివొస్తే సగం పాటే కదా. ఇందులో మీరిద్దరూ ఉన్నారు, నిండుగా ఉంది.'

సగం పాట. నన్ను.

అది కూడా మండీ మాటలో అనలేదు. కాంగ్రా మాటలో అంది, యజమానురాలు అన్నట్టు, పదిమందికీ వినబడేలా. ఒక్క పూటలో అత్తగారైపోయింది. కోపంతో అని ఉంటే సరిపెట్టుకునేదాన్ని. ప్రేమగా అంది, అదీ మంట. నా మోకాళ్ళ మీద జాలి. ఆ జాలితోనే నా నోట్లో మట్టి కొట్టింది.

రుచిక మాత్రం మొహం దించుకుంది. అత్తయ్యా వద్దన్నాను నేను, అని గొణిగింది. వద్దన్నదాని ఫోనే కదా గిన్నెలో ఉంది.

తర్వాత ఏమైందంటావా? ఏమవుతుంది. కాసేపు కూర్చున్నాను. వచ్చేశాను.

బియ్యం తెచ్చుకున్నాను. తెచ్చుకోక? నీకైతే రాయి, నాకింకా పొట్ట ఉంది.

రెండో ఇంటికి వెళ్ళాను. వినేశాం రత్తో, పెద్దింటి నుంచి ఫోన్లో పంపారు, నువ్వు ఒప్పుకున్నావట కదా అన్నారు. మూడో ఇంట్లోనూ అదే మాట. రత్తో ఒప్పుకుందట, రత్తో ఒప్పుకుందట. మధ్యాహ్నానికి నాలుగూళ్ళు చుట్టేసింది ఆ పాట, నేను రెండూళ్ళు కూడా దాటకముందే. పెద్దింటి మాటలో పాడిన పాట అందరిళ్ళకీ పోయింది. మధ్య ఊళ్ళో ఒకామె మాత్రం ఏదో మనది కానట్టుంది ఈసారి అంది. అంటూనే పిండి కలుపుకోవడానికి లోపలికెళ్ళిపోయింది.

టీకొట్టు దగ్గర కుర్రకారు ఏమన్నారో చెప్పనా? 'పిన్నీ, బాబాయి పొద్దున్నే వచ్చి చెప్పి పోయాడు, నువ్వే లేటు' అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఏం చెయ్యను మరి? నువ్వు పోయాక నా మూలాన నలుగురూ నవ్విన మొదటి మాట అదే, అదీ నాది కాదు.

నిన్న సాయంత్రానికి ఆరూళ్ళు అయ్యాయి. ఒక్క గుమ్మంలో కూడా డోలక్ విప్పలేదు.

ఇక ఏడోది, గద్దీల వాడ. అక్కడ మిగిలింది జైసీ తాత ఇల్లొక్కటే కదా, మిగిలినవాళ్ళు మందలతో ఇంకా దిగువనే ఉన్నారు. ఇందాక గడ్డి కోసుకొచ్చే ఆడమనిషి చెప్పింది. ముసలాయన నెల మారిన పొద్దుటి నుంచీ రెండు చెవుల్లోనూ ఉన్ని కుక్కుకుని కూర్చున్నాడట. ఎవరొచ్చినా చేత్తో ఆగమని సైగ చేస్తున్నాడట. ఎందుకు తాతా అని ఈమె అడిగితే, 'మా మాటలో చెప్పేవాళ్ళు ఇంకా రాలేదు' అన్నాడట. ఇవాళ సాయంత్రం బస్సుకి చంబా నుంచి కూతురొస్తోంది. ఆమె చేతిలో ఫోనుంటుంది, ఆ ఫోన్లో ఆ పాట ఉంటుంది. ఉన్ని పీకేసి మరీ వినిపిస్తుంది, నాన్న మీద ప్రేమతో. అందరూ ప్రేమతోనే చేస్తున్నారు కదా.

అంటే ఈ రోజే వెళ్ళాలి. వెళ్ళాలనే బయల్దేరాను. పైకి పోయే దారి అదిగో. నేను మాత్రం నీ దగ్గర కూలబడ్డాను.

ఎందుకంటావా? నలభై మూడేళ్ళు నేను రెండో వరస మనిషినయ్యా. ఆ పేరు నేను ముందుగా ఒక్కసారి కూడా పలకలేదు. నువ్వంటే నేనందుకున్నాను. అంతే. గద్దీ మాటలో అయితే నీ వెనకాల అందుకోవడమే, సగం మాటలకి అర్థం కూడా అడగలేదు. నోరు తెరిచి ఏమీ రాకపోతే? ఆ ముసలాడు చెవుల్లో ఉన్ని తీసేసి నా మొహం చూస్తూ కూర్చుంటే? స్వర్ణా బీబీ అన్న మాట నిజమవుతుంది అప్పుడు.

కరిగిపోతుందట. చూస్తూ ఉండు, ఉప్పులాగా కరిగిపోతుందట. నిక్షేపంలా ఉంది. ఇవాళ పొద్దున మేడ మీద ఎర్ర మిరపకాయలు ఎండబెడుతోంది.

అయినా ఎందుకు కరుగుతుందిలే.

ఇటు చూడు. నీకు ఒకటి చెప్పలేదు. ఇందాక అన్నానే, కాసేపు కూర్చున్నాను, వచ్చేశానని. అలా కాదు జరిగింది.

నేను వాకిట్లోకి రాగానే స్వర్ణా బీబీ లేచింది. పాట ఇంకా నడుస్తోంది. ఆ సగం పాట మాటా అదీ అయ్యాక, నా మొహం చూసిందేమో, మెట్లు దిగి దగ్గరికి వచ్చింది. గోడ లేదు మధ్యలో, మొదటిసారి. మెల్లిగా అడిగింది. మండీ మాటలోనే. 'తప్పు చేశానే రత్తో. లోటా గుర్తుంది నాకు. ఆపెయ్యమంటావా?'

ఆపమంటే ఆపేసేది. ఒట్టు. ఆమె చెయ్యి గిన్నె దాకా వెళ్ళింది. నేను ఆపమని ఉంటే, చేట వెనక్కి తీసి, నేను పాడాక మళ్ళీ నింపి ఉండేది. మిగిలిన ఊళ్ళకీ పోయేది కాదు.

నేనేమన్నానో తెలుసా?

'మళ్ళీ మొదట్నుంచి పెట్టు బీబీ' అన్నాను.

అందరి ముందే అన్నాను. డోలక్ కింద పెట్టి కూర్చున్నాను. మూడుసార్లు పెట్టించుకున్నాను. దగ్గు దగ్గర మూడుసార్లూ నా చెయ్యి నీ వీపు నిమరడానికి లేచింది. అందరూ చూశారు. రెండో వరస వచ్చినప్పుడు నోరు తెరిచాను, కానీ అందులో నేనే పాడేస్తున్నాను, బయట నాకు పాడ్డానికి ఏమీ మిగల్లేదు. ఆమె నా వంక చూసి కళ్ళు తుడుచుకుంది. రత్తోకి ఇష్టమే అని రుచికతో అంది. ఆ పిల్ల అక్కడికక్కడే అందరికీ పంపించింది.

రెండు రోజులు ఆరూళ్ళలో తిట్టుకుంటూ తిరిగాను, నేనెప్పుడు ఒప్పుకున్నాను, నేనెప్పుడు ఒప్పుకున్నాను అని. ముందు మోగించింది ఆమే. అది ఆమె తప్పే, నేను మాపను. కానీ లోటాలో ఉప్పు ఎవరి కోసం వేసిందో, ఆ మనిషే వదిలెయ్యమంటే ఇంక ఎవరు కరగాలి?

నువ్వు ఒక్కటే అడిగావు. నోటితో చెప్పేదాకా అది మోగకూడదన్నావు. నేను నీ మాట నిలబెట్టలేదు. నీ గొంతు విన్నాను, నీ మాట మర్చిపోయాను. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నన్ను నేనే పట్టిస్తున్నా ఇప్పుడు.

ఏమైనా అను. తిట్టు. ఆ మీసాలు చూస్తే తిట్టేలాగే ఉన్నావు.

సరే, ఎండ ఎక్కుతోంది. లేస్తాను. ఒకసారి ఇక్కడ అని చూసుకోనీ, తప్పు వస్తే ఇక్కడే రానీ. గద్దీ మాటలో, మొదటి వరస. గొర్రెలు దాటే కనుమలో మంచు విడిచింది, వచ్చింది, చైత్రం...

చూశావా, గొంతు పగిలింది. పేరు దగ్గరే పగిలింది.

అయినా జైసీ తాతకి ఉన్ని తీసినా సగమే వినబడుతుంది, పదేళ్ళ నుంచీ చెముడు. పోనీలే, నా దగ్గరున్నదీ సగమే.